కిందికి దిగిన విభాగం

“వచ్చే ఉగాదికి మీ విభాగాన్ని కిందికి మారుస్తాం. సరిగ్గా నిలబడలేని పిల్లల్ని మెట్లెక్కించడం నాకే సిగ్గుగా ఉంది.”

పెద్దాసుపత్రి సూపరింటెండెంటుగారు మైకు పట్టుకుని అన్న మాట ఇది. అందరూ చప్పట్లు కొట్టారు. ఉగాది వచ్చింది, పోయింది. కింద ఖాళీ అయిన గదిలో ఆయనగారు తన అతిథుల కోసం సోఫాలు వేయించారు. నడుస్తూ తూలిపోయే పిల్లలు రెండో అంతస్తుకి మెట్లెక్కుతూనే ఉన్నారు. లిఫ్టు లేక కాదు. ఉంది. దానికి తాళం వేసి ఉంది.

డాక్టర్ హైమవతి పిల్లల నరాల వైద్యురాలు. పిల్లలు ఎందుకు తూలతారు, వాళ్ళను నిలబెట్టడం ఎలా అన్నదాని మీదే ఉద్యోగమంతా గడిపారు. సుధీంద్ర ఆవిడ దగ్గర పరిశోధన చేస్తున్నాడు.

ఆ పొద్దున ఆరేళ్ళ జెస్సీ ఆ మెట్ల మీదే పడింది. గడ్డం చీలి కుట్లు పడ్డాయి.

“ఇంక రామండీ డాక్టరమ్మగారూ,” అంది తల్లి సలోమి. “పడిపోతోందని తీసుకొస్తే, ఇక్కడికొచ్చి పడింది. పడేదేదో ఇంటికాడే పడతాదిలెండి.”

“కాసేపు కింద వరండాలో కూర్చో సలోమీ. వెళ్ళిపోకు,” అన్నారు హైమవతి.

సుధీంద్ర ఉడికిపోయాడు. మధ్యాహ్నం ఆసుపత్రి సభ ఉంది. గబగబా ఉపన్యాసం రాసి, గురువుగారి ముందు నిలబడి చదివాడు.

“ఆరోగ్యం భిక్ష కాదు, హక్కు! ఇవి సిమెంటు మెట్లు కావు, వర్గ సమాజపు మెట్లు! వీటిని కూలదోద్దాం!”

“కూలదోస్తే మనం దిగడం ఎలాగయ్యా?”

“వెటకారం వద్దు మేడమ్. నా రక్తం మరిగిపోతోంది.”

“మరగనీ. ఇందులో జెస్సీ ఏదీ?”

“జెస్సీ ఒక ప్రతీక మేడమ్.”

“కుట్లు పడింది ప్రతీకకి కాదు.”

అతను ఏదో అనబోయాడు. ఆవిడ అప్పటికే కుర్చీ ఎత్తుకున్నారు.

“ఆ బల్ల నువ్వు పట్టుకో.”

“ఎక్కడికి మేడమ్?”

“కిందికి.”

సూపరింటెండెంటు గది ముందు వరండాలో బల్ల దించారు. హైమవతి మోకాళ్ళ మీద వంగి, ఆయన గుమ్మానికి అడ్డంగా సుద్దముక్కతో పొడుగాటి గీత గీశారు. మడమకి బొటనవేలు ఆనించి ఆ గీత మీద నడవాలి. అది తూలుడు పిల్లలకి పెట్టే పరీక్ష. దానికి పుస్తకాల్లో పెద్ద పేరుంది. ఆవిడ మాత్రం పిల్లలకి చీమనడక అని చెబుతారు.

“జెస్సీ, చీమలా నడిచి చూపించమ్మా.”

జెస్సీ బయలుదేరింది. సరిగ్గా గుమ్మం దగ్గరికి వచ్చేసరికి తలుపు తెరుచుకుంది. పిల్ల తూలి, ఎదురొచ్చిన ప్యాంటుని రెండు చేతులా పట్టుకుంది.

సూపరింటెండెంటు కాలు కదపలేకపోయారు.

“ఏమిటీ తమాషా?”

“మా విభాగం సార్. కిందికొచ్చింది.”

ఆయన మొహం కందిపోయింది. “రేపోమాపో రిటైరయ్యేవారు, మీకేం హైమవతిగారూ! ఈ కుర్రాడి థీసిస్ మీద మాత్రం నా సంతకం పడాలి. అది గుర్తు పెట్టుకోండి.”

హైమవతి శిష్యుడి వైపు చూశారు.

సుధీంద్ర జేబులోంచి ఉపన్యాసం తీశాడు. “ఆరోగ్యం భిక్ష...” అని మొదలుపెట్టి ఆగాడు. జెస్సీ ఇంకా ఆ ప్యాంటు వదల్లేదు. వదిలితే పడిపోతానని దాని భయం.

అతను కాగితం మడిచేశాడు. ఈసారి గొంతు పెంచలేదు.

“సార్, ఈ పాప పేరు జెస్సీ. పొద్దున మీ మెట్ల మీద పడింది. ఆ గడ్డం చూడండి. గది ఇస్తారా, ఇవ్వరా? మధ్యాహ్నం సభలోగా చెప్పండి.”