చుక్కమ్మ వడ్డించని బొబ్బట్టు

ఇందులో ఒక్క అబద్ధమున్నా నా పళ్లన్నీ ఊడిపోవాలి. ఉన్నవి రెండే అనుకో.

పూర్వం ఒక రాజుగారికి ఏనుగంత ఒళ్లొచ్చింది. వైద్యుడు అన్నం, బెల్లం మానమన్నాడు. "నా విస్తట్లో అవి వేసిన చెయ్యి ఎవరిదైనా సరే నరికిస్తాను," అని రాజు చాటింపు వేయించాడు.

ఉగాదినాడు నాలుగువందలమంది చుట్టాలు బండిచక్రాలంత బొబ్బట్లు తింటుంటే, వంకాయకూర ముందు కూర్చున్న రాజుకి నోరూరింది.

"చుక్కమ్మా, నాకూ ఒకటి వడ్డించు! లేకపోతే మాట విననందుకు నీ చెయ్యి నరికిస్తాను," అని వంటమనిషి మీద అరిచాడు.

వేసినా చెయ్యి పోతుంది, వేయకపోయినా పోతుంది. చుక్కమ్మ బొబ్బట్ల పళ్లెం తెచ్చి రాజు పక్కనే పెట్టింది.

"తమరే వేసుకోండి మహాప్రభో! ఏ చేత్తో వేసుకుంటారో చెబితే తలారికి ముందే కబురు పెడతాను."

రాజు చాచిన చెయ్యి వెనక్కి లాక్కుని, "ఆ వంకాయకూరే ఇంకాస్త వెయ్యి," అన్నాడు.

కథ అయిపోయినా ఇంకా కూర్చున్నావేం? పెరట్లోకెళ్లి నాలుగు కరివేపాకు రెబ్బలు తుంచుకురా.