సుంకన్న నోరు తెరిచిన కథ

అనగనగా అంటే నిన్నా మొన్నా అనుకునేరు. కాదు. మన తాతల తాతలకు ఇంకా పాలపళ్ళైనా రాని కాలం. ఆ కాలంలో మునగలదిన్నె అని ఒక ఊరు. ఊరి కొసన ఒక రాతి మిద్దె. ఆ మిద్దెలో సుంకన్న అని ఒకాయన, ఆయన పెళ్ళాం ఓబులమ్మ కాపురముండేవాళ్ళు.

సుంకన్న పని పళ్ళు పీకడం. పుచ్చిన పన్నైనా, కదిలే పన్నైనా, చిగురు వాచి ప్రాణం తోడేసే పన్నైనా ఆయన దగ్గరికి రావాల్సిందే. మనిషి చూస్తే తాటిచెట్టంత. గొంతు విప్పితే నగారా. చేతులు మాత్రం వెన్న. చెంప పట్టుకుని ఏడుస్తూ వచ్చిన పెద్దవాళ్ళు ఉప్పునీళ్ళు పుక్కిలించి నవ్వుతూ పోయేవాళ్ళు.

పిల్లల సంగతి వేరు.

ఆ ఊళ్ళో బిడ్డ అన్నం తినకపోతే తల్లి ఏమనేది? "సుంకన్న వస్తాడు" అనేది. బిడ్డ నిద్రపోకపోతే? "సుంకన్న వస్తాడు" అనేది. బిడ్డ ఊరికే ఏడిస్తే? "అదిగో సుంకన్న వస్తాడు, పళ్ళన్నీ పీకి మూట కట్టుకుని పోతాడు" అనేది. పాపం ఆ తల్లులకు సుంకన్న మీద కోపమేమీ లేదు. వాళ్ళ అమ్మలు వాళ్ళకు అదే చెప్పారు, వీళ్ళు వీళ్ళ బిడ్డలకు అదే చెప్పారు. ముందు ఆ మాట సుంకన్న తండ్రి పేరు మీద ఉండేది, తర్వాత సుంకన్న పేరు మీదికి వచ్చింది. అంతే.

సుంకన్న వీధిలోకి వస్తే చాలు, గోళీలు ఎక్కడివక్కడ పడేసి పిల్లలు ఇళ్ళలోకి దూరేవాళ్ళు. ఆయనకు పిల్లలు లేరు. కండువా కొసన గుప్పెడు బొరుగులు ముడివేసుకుని తిరిగేవాడు, ఎవరైనా తీసుకుంటారేమోనని. తీసుకున్న బిడ్డ లేడు. సాయంత్రం ఇంటికొచ్చి ఆ బొరుగులు పిచ్చుకలకు చల్లేవాడు. ఓబులమ్మ చూసేది. కాళ్ళకు నీళ్ళిచ్చేది.

ఇట్లా ఉండగా, గొర్రెల కాపరి మద్దిలేటి ఇంట్లో ఒక కష్టం వచ్చింది. మద్దిలేటికి, వాడి పెళ్ళాం లింగమ్మకు ఒక్కడే కొడుకు. మూడేళ్ళు నిండలేదు. పేరు ఉరుకుందు. పేరుకు తగ్గట్టే ఎప్పుడూ ఉరుకే. అట్లాంటివాడు ఒకనాడు ఉరకడం మానేశాడు. దవడ పన్ను పుచ్చి, చీము పట్టి, చెంప బూరెలా పొంగింది. ఒళ్ళు కాలిపోతోంది. పాలు పడితే ఉమ్మేస్తున్నాడు, నీళ్ళు పడితే ఏడుస్తున్నాడు. ఆ రోజుల్లో అట్లాంటి వాపు గొంతులోకి దిగితే బిడ్డ దక్కేది కాదు. అది అందరికీ తెలుసు.

మొదటిసారి బిడ్డనే సుంకన్న ఇంటికి ఎత్తుకొచ్చారు. గడపలో సుంకన్న కనపడ్డాడో లేదో, ఉరుకుందు కెవ్వుమని తల్లి మెడకు చుట్టుకుపోయాడు. నోరు బిగించాడు. నలుగురు మగాళ్ళు కాళ్ళూ చేతులూ పట్టుకుని పడుకోబెట్టారు. వాడు ఊపిరి బిగబట్టి నీలంగా మారిపోతున్నాడు. సుంకన్న పట్టకారు తీసుకున్నాడు. బిడ్డ కళ్ళలోకి చూశాడు. పట్టకారు కింద పెట్టేశాడు.

"వదలండి," అన్నాడు.

మద్దిలేటికి మండింది. కానిమ్మన్నాడు, ఏడిస్తే ఏడవనీ అన్నాడు, బిడ్డ చచ్చిపోతే ఎవరిది పూచీ అని నిలదీశాడు. సుంకన్న పట్టకారును గుడ్డలో చుట్టి పక్కన పెట్టాడు. తర్వాత లింగమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, వీనికి పన్ను ఒక్కటే నొప్పి కాదు. నా పేరు కూడా నొప్పే. ఇప్పుడు బలవంతంగా పెనుగులాడితే పన్ను లోపల విరుగుతాది. రేపు పొద్దుటి వరకూ నాకు ఇడువు."

లింగమ్మ తల వంచుకుంది. ఆ ఊళ్ళో ఆ పేరు అందరికంటే ఎక్కువసార్లు చెప్పి బిడ్డను పడుకోబెట్టింది ఆమే. సుంకన్న లవంగం నూరి ఇచ్చి చిగురుకు రాయమన్నాడు, వేడి ఉప్పు మూటతో చెంప కాపమన్నాడు, చెంచాతోనైనా నీళ్ళు తాగిస్తూ ఉండమన్నాడు. వాళ్ళు పోయారు.

రెండోసారి, ఆ మధ్యాహ్నమే, సుంకన్నే వాళ్ళింటికి పోయాడు. పట్టకారు తీసుకుపోలేదు. వాకిట్లో నిలబడి, తన నగారా గొంతును పిల్లనగ్రోవి చేసుకుని, "నాయనా ఉరుకుందూ" అని పిలిచాడు. ఉరుకుందు జొన్నల గుమ్మి వెనక నక్కి ఇంకా గట్టిగా ఏడ్చాడు. సుంకన్న కాసేపు నిలబడి, తిరిగి వచ్చేశాడు.

ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. తన వల్ల కాదన్నాడు. పొరుగూరి సంతలో పళ్ళు పీకేవాడు ఉన్నాడు, మొండి మనిషి, వాడి దగ్గరికే తీసుకుపొమ్మని చెప్తానన్నాడు. ఓబులమ్మ చేట కింద పెట్టి వచ్చి పక్కన కూర్చుంది.

"వాని ముందర కొండ మాదిరి నిలబడితివి. బిడ్డకు కొండ కాక ఇంగేం కనపడుతాది?" అంది. "పండుకో. పండుకుంటే తాటిచెట్టు కూడా గడపంతే."

సుంకన్న ఆమె ముఖంలోకి చూశాడు. ఆ మాట ఆయన లోపల ఎక్కడో దిగింది.

మూడోసారి మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పోయారు. పొద్దున్నే. మద్దిలేటి గొర్రెల దొడ్డి దగ్గర ఉన్నాడు. సంతకు తోలాల్సిన జీవాలను ఏరుతున్నాడు. కాపరికి గొర్రె వయసు ఎట్లా తెలుస్తుంది? నోరు తెరిచి పళ్ళు చూస్తే తెలుస్తుంది. పాలపళ్ళయితే పిల్ల. పళ్ళు అరిగితే ముసలిది. మద్దిలేటి ఒక్కో పొట్టేలు మూతి తెరిచి చూస్తుంటే, తల్లి చంకలో ఉరుకుందు చెంప మీద చెయ్యి పెట్టుకుని అదే చూస్తున్నాడు. నొప్పిలోనూ వాడికి అదొక్కటే ఇష్టం.

ఓబులమ్మ దొడ్డి ముందర నేల మీద కూర్చుంది. సుంకన్న బిడ్డ వైపు చూడనైనా చూడకుండా, అంత పొడుగు మనిషి, అందరి ముందూ పెళ్ళాం ఒళ్ళో తల పెట్టి వెల్లకిలా పడుకున్నాడు. చూసినవాళ్ళు నవ్వు ఆపుకోలేక కొంగులు అడ్డం పెట్టుకున్నారు. సుంకన్న లెక్కచేయలేదు. నోరు బార్లా తెరిచాడు.

"మద్దిలేటీ," అంది ఓబులమ్మ, "ఈ పొట్టేలు వయసు రోంత చూసి చెప్పు నాయనా."

మద్దిలేటి చేతిలో పొట్టేలును వదిలి ఇటు తిరిగాడు. అంతలో ఉరుకుందు తల్లి చంకలోంచి జారాడు. ఒక అడుగు వేశాడు. ఆగాడు. ఇంకో అడుగు వేశాడు. సుంకన్న కదల్లేదు. వాడు దగ్గరికొచ్చి, వంగి, ఆ నోట్లోకి తొంగిచూశాడు. వేలు పెట్టి పళ్ళు తడిమాడు. తండ్రి లాగానే ముఖం ముడిచాడు.

"ముసల్ది," అన్నాడు. "సంతకు తోలాల."

దొడ్డి దొడ్డంతా నవ్వింది. అందరికంటే ముందు నవ్వింది సుంకన్నే. నవ్వి ఆయన నోరు మూసుకోబోతే, బిడ్డ వేలు లోపల ఉందని గుర్తొచ్చి అట్లానే తెరిచి ఉంచాడు.

తర్వాత ఉరుకుందు వంతు వచ్చింది. లింగమ్మ, ఓబులమ్మ మోకాళ్ళకు మోకాళ్ళు ఆనించి ఎదురెదురుగా కూర్చున్నారు. బిడ్డ నడుము తల్లి ఒళ్ళో, తల ఓబులమ్మ ఒళ్ళో. కళ్ళు తెరిస్తే తల్లి ముఖమే కనపడుతుంది. సుంకన్న పక్కన చతికిలబడి, పట్టకారు ముందు వాడి చేతికే ఇచ్చాడు. వాడు దాన్ని తెరిచాడు, మూశాడు, తిరిగి ఇచ్చాడు.

"నాయనా, అబద్ధం చెప్పను. రోంత, చిటికెడంత నొస్తాది," అన్నాడు సుంకన్న. "నొస్తే చెయ్యి పైకెత్తు. నువ్వు ఎత్తితే నేను ఆపుతా."

వేలితో చిగురు ముట్టుకుంటానని చెప్పి ముట్టుకున్నాడు. వాడు చెయ్యి ఎత్తాడు. సుంకన్న ఆపాడు. పట్టకారు పన్ను మీద పెడతానని చెప్పి పెట్టాడు. వాడు చెయ్యి ఎత్తాడు. సుంకన్న ఆపాడు. నిజంగా ఆపుతాడా లేదా అని బిడ్డ రెండుసార్లూ ఆయన్నే చూశాడు. ఆపాడు. ఇక లాగుతానని చెప్పాడు సుంకన్న. మూడోసారి వాడు చెయ్యి ఎత్తలేదు. తల్లి వేలు గట్టిగా పట్టుకున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి గానీ నోరు మూయలేదు.

పన్ను వచ్చింది. చీము వచ్చింది. బిడ్డను పక్కకు తిప్పి నోరు తుడిచారు. ఎండ ఎక్కేసరికి వాడు తల్లి ఒళ్ళో నిద్రపోయాడు, ఎవరి పేరూ చెప్పకుండానే. సాయంత్రానికి ఒళ్ళు చల్లబడింది. మర్నాడు పాలు తాగాడు. ఆ మర్నాడు ఉరికాడు.

ఆ తర్వాత లింగమ్మ ఇల్లిల్లూ తిరిగింది. బిడ్డలను ఆయన పేరు చెప్పి బెదిరించవద్దని ఒక్కో తల్లినీ బతిమాలుకుంది. కొందరు వెంటనే విన్నారు. కొందరికి చాలాకాలం పట్టింది. సుంకన్న తనవంతుగా ఒకటే అడిగాడు. నొప్పి వచ్చాక మోసుకురావద్దు, మొదటి పన్ను మొలిచినప్పుడే తీసుకురండి, ఊరికే చూసి పంపిస్తాను అన్నాడు. తెచ్చిన ప్రతిసారీ ముందు ఆయన పడుకునేవాడు, ముందు ఆయన నోరు తెరిచేవాడు. ఏళ్ళు గడిచాయి. ఆయన పళ్ళు ఒకటొకటే ఊడిపోయాయి. పిల్లలు వచ్చి చూసి, ఇంకొకటి తగ్గిందని ఊరంతా చాటేవాళ్ళు. చివరికి బోసినోరు మిగిలింది. దాన్ని కూడా వచ్చి చూసేవాళ్ళు.

ఒక వానాకాలం సుంకన్న పోయాడు. ఊరి వెలుపల ఏటి గట్టున మట్టి చేశారు. పాడె మోసినవాళ్ళలో ఉరుకుందు ఒకడు. అప్పటికి వాడికి మీసాలు వచ్చాయి.

సుంకన్న పోయాడు గానీ ఆయన పద్ధతి పోలేదు. ఇప్పటికీ మునగలదిన్నెలో బిడ్డకు తొలి పన్ను మొలిస్తే ఒక మంచిరోజు చూసి ఇద్దరు ఆడవాళ్ళు మోకాళ్ళు కలిపి కూర్చుంటారు. ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళు ముందు పడుకుని నోరు తెరుస్తారు. బిడ్డ చూసి, తడిమి, సరే అన్నాకే బిడ్డ నోరు చూస్తారు. తాతకు నడుము పట్టేసినా సరే, పడుకోవాల్సిందే.

ఇప్పుడు ఆ ఊరికి పళ్ళ డాక్టరు వస్తోంది. ఎత్తైన కుర్చీ, తళతళలాడే దీపం అన్నీ ఉన్నాయి. ఆ కుర్చీలో తల్లి ఒళ్ళో కూర్చున్న బిడ్డ ఉన్నట్టుండి చెయ్యి పైకెత్తితే, కొత్తగా వచ్చిన డాక్టరమ్మకు మొదట అర్థం కాలేదట. బయట వరుసలో కూర్చున్న ముసలామె లోపలికి తొంగిచూసి, "సుంకన్న చెయ్యి తల్లీ, ఆగు" అందట. ఆమె ఆగింది. అప్పటినుంచి ఆ ఊళ్ళో బిడ్డ ఎత్తిన చెయ్యి దిగేదాకా ఆమె కూడా ఆగుతుంది.