గొళ్ళెం లేని గుమ్మం

ఒకప్పుడు మనిషి ఒంట్లో కాపలా కాసే తెల్లకణాలన్నిటికీ ఒకే రకం ఇళ్ళుండేవి. ప్రతి ఇంటికీ గుమ్మం బయట ఒక గొళ్ళెం. ఒంటికి ఎక్కడ గాయమైనా కబురు మోసేవాళ్ళు వచ్చి గొళ్ళేలు టకటకలాడించేవాళ్ళు. కాపలావాళ్ళు వెంటనే గాయం దగ్గరికి ఉరికేవాళ్ళు.

ఆ గొళ్ళేలు పోతపోసేది మూలుగవ్వ. ఎముకల్లో ఉంటుంది. కాపలావాళ్ళందరినీ కన్నది ఆవిడే. ఒకసారి ఆవిడ అచ్చులో చిన్న ముక్క విరిగింది. అందులో పోసిన గొళ్ళెం వంకరపోయి ఇంట్లోనే ఉండిపోయింది, గుమ్మం బయటికి రానేలేదు. ఆ ఇల్లు సుంకప్పది.

సుంకప్పకు తల కొట్టేసినట్టుండేది. ఎవరైనా చూస్తే నవ్వుతారని తలుపు మీద బొగ్గుతో గొళ్ళెం బొమ్మ గీసుకున్నాడు. తన తలుపు మోగదు కాబట్టి, పక్కింటి పెంచలయ్య అడుగుల చప్పుడు వినబడగానే వెనకాలే పరుగెత్తేవాడు.

“ఏం బావా, గొళ్ళెం మోగాక భోంచేసి బయల్దేరతావా?” అని పెంచలయ్య ఆటపట్టించేవాడు. అయినా రెండడుగులు ఆగి తోడు తీసుకుపోయేవాడు.

ఒకరోజు హెచ్ఐవి అనే వైరస్ నెత్తుట్లోకి వచ్చింది. అచ్చం కబురు మోసేవాడిలాగే పెంచలయ్య గుమ్మం పట్టుకుంది, గొళ్ళెం లాగింది, లోపలికి జొరబడింది. ఆ ఇంట్లోనే కూర్చుని తనలాంటి వైరస్‌లను వందలుగా తయారుచేసింది. అవి వీధి వీధంతా దూరాయి. సుంకప్ప తలుపు కూడా తడిమాయి. బొగ్గు అంటుకుందే తప్ప చేతికేమీ చిక్కలేదు. విసుక్కుని వెళ్ళిపోయాయి.

మర్నాడు వీధిలోవాళ్ళు పంచాయితీ పెట్టారు.

“సుంకప్పగారూ, మీ ఇల్లొక్కటే ఎలా మిగిలింది?” అని అడిగారు.

పుట్టినప్పటినుంచీ అతన్ని ఎవరూ ‘గారూ’ అనలేదు. నోరు జారింది. “నేను జాగ్రత్తగా ఉన్నాను. తలుపు తియ్యలేదు.”

“విన్నారా! జాగ్రత్తపరుడికి ఏమీ కాలేదు. వైరస్ ముందు దూరింది పెంచలయ్య ఇంట్లోనే. వాడే తలుపు తీసి పిలిచుంటాడు. వెలెయ్యండి వాణ్ణి!” అన్నాడొకడు.

పెంచలయ్య అప్పటికే నీరసించిపోయాడు. సుంకప్ప వైపు చూసి మెల్లగా అన్నాడు: “ఎక్కడో గాయమైందనుకున్నాను బావా. ఆలస్యమైతే ఎలా అని కంగారుపడ్డాను.”

సుంకప్పకు భూమిలోకి కుంగిపోదామనిపించింది. ఇన్నాళ్ళూ తనకోసం ఆగిన మనిషి! ఇప్పుడు తన ఒక్క అబద్ధంతో దోషి అయిపోయాడు.

“ఆగండి!” అని అరిచాడు. “రండి, నా తలుపు ముట్టుకుని చూడండి. అక్కడ గొళ్ళెం లేదు. ఉన్నది బొమ్మ. నేను జాగ్రత్తపడిందేమీ లేదు, అవిటిగా పుట్టానంతే. గొళ్ళెం ఉంటే నా ఇల్లూ పోయేది. జబ్బు నేరం కాదు! వెలివేయడమే నేరం! అన్నిటికంటే పెద్ద నేరం నేను ఆడిన అబద్ధం.”

ఒక్కొక్కరే వచ్చి తలుపు తడిమారు. ఒక్కొక్కరే తల దించుకున్నారు. పెంచలయ్యను వెలెయ్యమన్నవాడే అతనికి కూర్చోడానికి చోటిచ్చాడు. వైరస్‌ను మాత్రం ఎవరూ బయటికి లాగలేకపోయారు.

మూలుగవ్వ విరిగిన అచ్చు తెచ్చింది. “పారెయ్యమంటావా నాయనా?”

“ఉంచవ్వా. ఎవరికో పనికొస్తుంది. కానీ ఇలా పుట్టినవాళ్ళను నాలాగా గొప్పలకు పోనివ్వకు.”

అప్పటినుంచే, అమ్మ దగ్గరనుంచీ నాన్న దగ్గరనుంచీ కూడా విరిగిన అచ్చే అందిన కొద్దిమందిలో, తెల్లకణాల గొళ్ళెం బయటికి రాదు. ఆ గొళ్ళెం పట్టుకుని వచ్చే హెచ్ఐవికి వాటిలో చోటు దొరకదు. ఆ కణాలు ఆ సంగతి ఎక్కడా చెప్పుకోవు. పరీక్ష చేయిస్తే తప్ప ఆ మనిషికే తెలియదు.