దావీదుకి చేరని మాట

అనగా అనగా, అలల చప్పుడు మంచందాకా వినపడే ఒక ఊళ్ళో సోమలింగం అని ఒక డ్రాయింగు మాస్టారు ఉండేవాడు తల్లీ. ఆయనకి హామ్ రేడియో అంటే పిచ్చి. ఇంట్లో కూర్చునే, రేడియోలో ఎక్కడెక్కడి వాళ్ళతోనో మాట్లాడేవాడు.

సముద్రం మధ్య లంకలో దావీదు అని ఆయనకి ఒక స్నేహితుడు. ఒకరి మొహం ఒకరు ఎరగరు. అయినా సాయంత్రమయ్యేసరికి "అన్నా, ఇవాళ ఏం కూర?" అని పలకరించుకోందే ఇద్దరికీ ముద్ద దిగేది కాదు.

ఒకసారి పెద్ద గాలివాన వచ్చింది. మాస్టారి ఏరియల్ స్తంభం కూలిపోయింది. ఆయన పెరట్లో దండెం తీగనే ఏరియల్‌గా కట్టాడు. దావీదు గొంతు వినపడింది.

"బావుల్లో ఉప్పునీళ్ళు పడ్డాయి. పిల్లలకి వాంతులు, విరేచనాలు. మందుల్లేవు. ఎవరైనా వింటున్నారా?"

మాస్టారు గొంతు చించుకున్నాడు. ఆ తీగతో అవతలి మాట వినపడుతుంది గానీ, మన మాట అంతదూరం పోదమ్మా.

ఆయన రేవు ఆఫీసుకి పరిగెత్తాడు. తెల్లారగానే మందులతో స్టీమరు పంపుతామన్నారు వాళ్ళు. ఆ తర్వాత ఇంటికొచ్చి రేడియో పెడితే దావీదు అంటున్నాడు, "ఎవరూ పలకట్లేదు. పొద్దున్నే పిల్లల్ని పడవెక్కించి నేనే తీసుకొస్తా."

సముద్రం ఇంకా పోటెత్తుతూనే ఉంది. "వద్దు నాయనా, వద్దు!" అని మాస్టారి భార్య కాసులమ్మ రేడియోకే దణ్ణం పెట్టింది.

మాస్టారి దగ్గర ఒక ఆంప్లిఫయర్ ఉంది. మాటకి బలమిచ్చే పెట్టె. లోపల సీసా అంత గాజు వాల్వు. రేడియోకి బ్యాటరీ చాలు గానీ దీనికి చాలదు, ఊళ్ళో కరెంటు లేదు, అందుకని మిల్లు వాళ్ళ జనరేటరు తెచ్చి దాన్ని వెలిగించారు. ఆయన నోరు తెరవకముందే మీటరు ముల్లు ఎగిరిపడింది. వాల్వులో రేకు నిప్పులా ఎర్రబడింది. పెట్టె తనలో తనే ఊళ పెడుతోంది, మనిషి మాటని పోనివ్వట్లేదు.

మాస్టారు వాల్వు మార్చాడు. మళ్ళీ అదే ఊళ. అప్పుడు ఎర్తు తీగకి పట్టిన తుప్పు గీకి గట్టిగా బిగించాడు. కాసేపు ఊరుకుంది, మళ్ళీ మొదలెట్టింది.

"సోమలింగం అన్నా, నువ్వైనా ఉన్నావా?" అంటున్నాడు దావీదు. మాస్టారు తల పట్టుకుని ఏడ్చాడు.

తెల్లారాక ఆ వెలుగులో అసలు లోపం కనపడింది. లోపలికెళ్ళే తీగ, బయటికొచ్చే తీగ పక్కపక్కనే ఉన్నాయి. బయటికి పోవలసిన బలం దొంగదారిన లోపలికే వచ్చి, మళ్ళీ పెరుగుతోంది. కాసులమ్మ కిరసనాయిలు డబ్బా రేకు కత్తిరించి ఇచ్చింది. దాన్ని రెండు తీగలకీ మధ్య అడ్డంగా బిగించాడు. ముల్లు కదలకుండా నిలబడింది.

"దావీదూ! స్టీమరు వస్తోంది! పడవ తియ్యకు!"

ఒక ఆడగొంతు పలికింది. "నేను ఆయన భార్య మార్తమ్మని. పడవ ఇందాకే వెళ్ళిపోయిందన్నా."

స్టీమరు వెళ్ళేసరికి పడవ బోర్లాపడి ఉంది. దాన్ని పట్టుకుని వేలాడుతున్న పిల్లలు కొందరే దొరికారు. దావీదు దొరకలేదు. లంకకి మందులు చేరాయి. అక్కడ మిగిలిన పిల్లలు కోలుకున్నారు.

ఆ సాయంత్రం మార్తమ్మ రేడియోలో అడిగింది, "ఎవరూ వినట్లేదనుకుంటూనే పోయాడన్నా. నిజంగా ఎవరూ వినలేదా?"

"విన్నానమ్మా. ప్రతి మాటా విన్నాను."

 ఆ రాత్రి ఇద్దరిలో ఎవరూ రేడియో కట్టెయ్యలేదు.

కథ కంచి బాట పట్టింది,
కన్నుల్లో కునుకు పుట్టింది,
మనమూ ఇల్లు చేరాం, ఇక పడుకో తల్లీ.