దేముడింటి నేలవేడి

చింతపల్లి కొండల్లో గాలిమెట్ట అని ఒక ఊరుంది. ఆ ఊళ్ళో దేముడనే ఆసామి ఇంటివాళ్ళని మించిన తెలివైనవాళ్ళు లేరు. ఈ మాట ఎవరన్నారంటే, దేముడే అన్నాడు. భార్య నూకాలమ్మ ఔనంది, తమ్ముడు పైడయ్య ముమ్మాటికీ ఔనన్నాడు. ముగ్గురికి ముగ్గురూ ఒప్పుకున్నాక ఇంక ఊరి సాక్ష్యం దేనికి?

"తెలివంటే ఏటనుకున్నావు, చెప్పిన మాట చెప్పినట్టు చెయ్యడమే," అనేవాడు దేముడు.

ఆ శీతాకాలం వాళ్ళ కూతురు గౌరికి నర్సీపట్నం ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా శుక్రవారం పుట్టింటికి వస్తున్నారు. గాలిమెట్ట చలి మామూలు చలి కాదు, సీసాలో కొబ్బరినూనె రాయి అయిపోతుంది. పసిగుడ్డు తట్టుకోలేదని అల్లుడు ముందే ఒక మిషను పెట్టించాడు. పెరట్లో లోతుగా గొట్టాలు పాతారు. వాటిలో నీళ్ళు తిరుగుతూ నేల అడుగునున్న వెచ్చదనాన్ని మోసుకొస్తే, మిషను దాన్ని ఇల్లంతా పంచుతుంది. దేముడికి ఆ మర్మాలేవీ అక్కర్లేదు. మనవరాలికి చలి వెయ్యకూడదు, అంతే.

మిషను బిగించిన సూరిబాబు వెళ్తూ వెళ్తూ చెప్పాడు. "రెండే విషయాలండీ. గొట్టాల్లో ఒత్తిడి తగ్గకూడదు. ఈ మీటరు ముల్లు పచ్చగీత దిగిందంటే తగ్గినట్టే. రెండోది, నిమిషానికి ఇరవై లీటర్ల నీళ్ళు పెరట్లోకి వెళ్ళి ఇంట్లోకి తిరిగి రావాలి. ఈ రెండూ చూసుకుంటే ఇల్లు వెచ్చగా ఉంటుంది."

"మాకు రెండోసారి చెప్పక్కర్లేదు బాబూ," అన్నాడు దేముడు.

గురువారం పొద్దున్న ఒక గొట్టం అతుకు దగ్గర నీళ్ళు కారి, ముల్లు పచ్చగీత కిందికి జారింది. ఇంకేముంది, పైడయ్య మీటరు అద్దం ఊడదీసి, ముల్లుని వేలితో పైకి నెట్టి, పనసజిగురు పెట్టి గీత మీద అతికించేశాడు.

"ఇప్పుడెలా దిగుద్దో చూస్తాను," అన్నాడు.

ఒత్తిడి చాలక మిషను ఆగిపోయింది. మధ్యాహ్నానికి ఇల్లు చల్లబడి, నూకాలమ్మ పళ్ళు టకటక కొట్టుకున్నాయి.

"ఏవయ్యా, నాకు చలేస్తంది."

దేముడు వెళ్ళి మీటరు చూసొచ్చాడు. "వెయ్యట్లేదే. ముల్లు పచ్చగీత మీదే ఉంది. అలవాటుకొద్దీ వణుకుతున్నావు గానీ ఇల్లు వెచ్చగానే ఉంది."

"అయితే మనకీ స్వెట్టర్లు దేనికి?" అంది నూకాలమ్మ.

నిజమే కదా అని ముగ్గురూ స్వెట్టర్లు విప్పేశారు. అంతే, పైడయ్య ముక్కు నీలంగా మారింది.

అప్పుడు దేముడి బుర్ర వెలిగింది. ఒత్తిడి సరే, నీళ్ళు తిరుగుతున్నాయో లేదో ఎవరు చూశారు? గొట్టం లోపలి సంగతి కంటికి కనపడదు. కనపడనిదాన్ని నమ్మేస్తే ఇంక తెలివెందుకు? గొట్టం మూత విప్పి, నీళ్ళన్నీ బిందెల్లోకి పట్టేశారు.

"ఇరవై లీటర్లంటే రెండు బిందెలు. నీకొకటి, నాకొకటి. నిమిషంలో పెరట్లోకెళ్ళి ఇంట్లోకి రావాల. పైడయ్యా, నువ్వు గడియారం పట్టుకో."

ఇంకేముంది, వంటింటి గుమ్మంలోంచి పెరట్లోకి, పెరట్లోంచి వీధిగుమ్మంలోకి, చంకన బిందెలతో ఒకటే పరుగు. నిమిషం ఎక్కడ తప్పిపోతుందో అని పైడయ్య గడియారం పట్టుకుని వాళ్ళ వెనకే పరిగెత్తాడు. పదో చుట్టుకి ముగ్గురికీ చెమటలు పట్టాయి.

"చూశావా," అన్నాడు దేముడు రొప్పుతూ, "నీళ్ళు తిరిగితే ఎంత వేడో."

నూకాలమ్మ విసనకర్ర అడిగింది.

శుక్రవారం గౌరి బిడ్డతో జీపు దిగింది. ఇంట్లో అడుగు పెట్టగానే పసిది వణికి, గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపుకి దేముడి ప్రాణం విలవిల్లాడిపోయింది.

"నిన్నట్నించీ నూట నాలుగు చుట్లు తిప్పినాం కదేటి," అన్నాడు బిక్కమొహం వేసి. "ఓహో, నీళ్ళతోపాటు తిరిగినోళ్ళకే వేడి తగులుద్దేమో. పిల్లని ఇటియ్యమ్మా, ఎత్తుకుని నాలుగు చుట్లు తిప్పుతాను."

గౌరి పిల్లని ఇవ్వలేదు. ఫోను తీసి సూరిబాబుని పిలిచింది.

సూరిబాబు వచ్చి ముల్లుకున్న పనసజిగురు చూశాడు, వరసగా పెట్టిన బిందెలు చూశాడు, కాసేపు అరుగు మీద కూలబడ్డాడు. తర్వాత లేచి అతుకు బిగించాడు, గొట్టాల్లోకి నీళ్ళు ఎక్కించాడు, మీటరు మార్చాడు. సాయంత్రానికి ఇల్లంతా వెచ్చబడింది. పాప పిడికిళ్ళు విప్పి నిద్రపోయింది. దేముడు కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇంత వేడి ఎక్కడిది బాబూ?"

"మీ పెరటి నేలదేనండీ. అక్కడ తీసి ఇక్కడ పెడుతుంది, అంతే."

దేముడికి ఆ మాట పట్టుకుంది. ఉన్నదంతా పిల్లకి పెట్టేస్తే నేలకేం మిగులుతుంది? నేల చల్లబడిపోతే రేపు పిల్ల గతేమిటి?

తెల్లారి గౌరి పెరటి తలుపు తీసింది. ఇంట్లో ఉన్న రగ్గులూ బొంతలూ దుప్పట్లూ అన్నీ గొట్టాలు పాతిన చోట పరిచి ఉన్నాయి. మధ్యలో పొగమంచులో దేముడు ఒట్టి బనీనుతో, నేలని రెండు చేతులా కావలించుకుని బోర్లా పడుకున్నాడు. అతని వీపు మీద పైడయ్య కూర్చున్నాడు. పక్కన నూకాలమ్మ చీర ఎగదోపుకుని నిలబడి ఉంది.

"ఇదేంటి నాన్నా? లోపలికి రా, ఇల్లెంత వెచ్చగా ఉందో."

"ఉండదేటి మరి," అన్నాడు దేముడు, పళ్ళు కొట్టుకుంటుంటే. "నా ఒంట్లో వేడంతా ఇక్కణ్ణించి పంపిస్తన్నాను కదా."

"మరి చిన్నాన్న నీ మీద ఎందుకెక్కాడు?"

"ఒత్తిడి తగ్గకూడదన్నాడు కదమ్మా సూరిబాబు. పాపకి చాల్తందా? చాలకపోతే చెప్పు, మీ అమ్మని కూడా ఎక్కమంటాను."