గడ్డి గూటికి దీపాల దండ

ఇప్పలవాగు అడవి పేరు తలుచుకుంటేనే నోట్లో తీపి ఊరుతుంది. వాగు పొడుగునా అన్నీ ఇప్పచెట్లే. ఆ అడవిలో కుందేళ్ళు, దుప్పులు, రామచిలుకలు, కొండముచ్చులు ఉండేవి. వాగు ఒడ్డున ఒక తుమ్మచెట్టు ఉండేది. దాని కొమ్మలకు గిజిగాడి గూళ్ళు సొరకాయల్లా వేలాడేవి. ఆ చెట్టు మొదట్లో ఒక బొరియ. అందులో పోలమ్మ అనే ముళ్ళపంది కాపురం ఉండేది.

పోలమ్మకు కోపం ఎక్కువని అడవంతా చెప్పుకునేవారు. కోపం వస్తే ఆమె ముళ్ళన్నీ లేచి గలగలమనేవి. దాచుకుందామన్నా దాగవు పాపం. మిగతావాళ్ళు కోపాన్ని కడుపులో పెట్టుకుని పైకి నవ్వగలరు. ముళ్ళపందికి దేవుడు ఆ వీలు ఇవ్వలేదు.

ఆ ఏడు వానలు తగ్గాక పోలమ్మకు ఇద్దరు పిల్లలు పుట్టారు. ఎంత విడ్డూరమో చూడండి, పుట్టినప్పుడు ముళ్ళపంది పిల్లల ముళ్ళు గుచ్చుకోవు. తడి గడ్డిపోచల్లా మెత్తగా ఉంటాయి. పోలమ్మ వాటిని నాకుతూ, "ఇవి గట్టిపడేదాకా మీకు నేనే ముల్లునర్రా" అనేది.

అమావాస్యకు దీపాల పండగ. ఆ అడవి ఆచారం ఇంటికి ఒక్క దీపం. నత్తగుల్లలో ఇప్పనూనె పోసి, బూరుగుదూది వత్తి వేసి, గడప ముందు తడి ఇసుక మీద పెట్టేవారు. పెట్టినవారు దాని పక్కనే కూర్చునేవారు. పండగ దీపాన్ని ఎవరూ ఆర్పరు. ఆర్పితే అశుభమంటారు. అందుకే పెద్దలు నూనె చూసి పోసేవారు. నాలుగు కబుర్లు చెప్పుకునేసరికి దీపం దానంతటదే కొండెక్కేది. అప్పుడు అందరూ పడుకునేవారు.

రానురాను దీపం ఆర్పకూడదన్న మాట ఒక్కటే అందరికీ గుర్తుండిపోయింది. నూనె ఎందుకు చూసి పొయ్యాలో మరిచిపోయారు.

తుమ్మచెట్టు మీది గిజిగాడి పేరు సింగారయ్య. పసుపు పూసినట్టుండే తల. గూడు అల్లడంలో అతనికి ఎవరూ సాటి రారు. ఆ సంగతి అడవికంటే ముందు అతనికే తెలుసు.

"ఈసారి నా ఇంటికి ఒక్క దీపమేమిటి, దీపాల దండే వేస్తాను" అన్నాడు సింగారయ్య. "వాగు అవతలి గుట్ట మీద నిలబడితే కళ్ళు చెదరాలి!"

బుచ్చన్న అనే కొండముచ్చుకు ఎండు ఇప్పపూలు ఆశపెట్టి పనిలోకి దించాడు. ఇద్దరూ కలిసి ఎండిన తీగలు తెచ్చారు. ఆ తీగల ముడుల్లో నత్తగుల్లలు ఇరికించారు. వాటిని గూటి నుంచి గూటికి, కొమ్మ నుంచి కొమ్మకు వేలాడదీశారు. సింగారయ్య సగం అల్లి వదిలేసిన గూళ్ళను కూడా వదల్లేదు.

పోలమ్మ బొరియలోంచి తల బయటపెట్టి చూసింది. పైన ఎండుగడ్డి గూళ్ళు. కింద నడుమెత్తు బోదగడ్డి. ఆ గడ్డి మధ్యలో తన బొరియ, లోపల తన పిల్లలు.

ఆమె మొదట మెల్లగానే అడిగింది. "సింగారయ్యా, నీది గడ్డి ఇల్లు కదయ్యా. అన్ని దీపాలు దేనికి? ఒకటి తెచ్చి ఇసుక మీద పెట్టుకో. నేనూ వచ్చి కూర్చుంటాను."

సింగారయ్య ముసిముసిగా నవ్వాడు. పోలమ్మ వెనక్కి వెళ్ళిపోయింది.

మర్నాడు బుచ్చన్న గుల్లల నిండా పొర్లిపోయేలా నూనె పోస్తున్నాడు. ఒక చుక్క వచ్చి పోలమ్మ ముక్కు మీద పడింది. అంతే, ముళ్ళు గలగలా లేచాయి.

"ఒరేయ్ బుచ్చన్నా! నీ చేతులు పడిపోను, నిప్పుకు అంత మేత ఎవరైనా పెడతారా? గాలి వీస్తే ఆ దండ ఊగదూ? ఊగితే నూనె ఒలకదూ?"

"నాకేం తెలుసు అత్తా? పొయ్యమన్నాడు, పోస్తున్నాను" అన్నాడు బుచ్చన్న.

సింగారయ్య కొమ్మ చివరికి వచ్చి కిందికి చూశాడు. "ఏం వదినా, పండగపూట ఆ గొంతేమిటి? బొరియలో చీకటికి అలవాటు పడ్డదానివి, పక్కింట్లో వెలుగు చూస్తే కళ్ళు కుడుతున్నాయా?"

చుట్టూ చేరిన చిలుకలు కిచకిచా నవ్వాయి. "పోలమ్మ ముళ్ళు లేపిందంటే పండగ వచ్చేసినట్టే!" అంది ఒక దుప్పి.

సింగారయ్య పెళ్ళాం చిట్టెమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె గూట్లో ఆలస్యంగా పొదిగిన పిల్లలున్నాయి. ఇంకా రెక్కలు రాలేదు. "మామా, అక్క చెప్పేది ఒక్కసారి వినరాదూ?" అంది మెల్లగా.

"నీకు తెలియదు, ఊరుకో" అన్నాడు సింగారయ్య.

పోలమ్మకు ఒళ్ళు మండిపోయింది. పిల్లలను తీసుకుని ఎటైనా పోదామా అనుకుంది. ముళ్ళు గట్టిపడని పిల్లలను బయటికి తెస్తే నక్క నోటికి అందించినట్టే. అయినా తానెందుకు పోవాలి? ఎవడి పొగరుకో తన పిల్లలెందుకు ఇల్లు వదలాలి?

అరిచి లాభం లేదని తెలిసిపోయింది. ఆ కోపమంతా గోళ్ళలోకి దిగింది. పోలమ్మ తవ్వడం మొదలుపెట్టింది. తుమ్మచెట్టు చుట్టూ, బొరియ చుట్టూ బోదగడ్డిని వేళ్ళతో సహా పెకలించింది. ఒక్క పోచ మిగలకుండా నేల చెక్కింది. వాగు ఒడ్డు తడి ఇసుకను వెనక కాళ్ళతో తన్నుకుంటూ తెచ్చింది. కొంత బొరియ ముందు కట్టలా పోసింది. మిగతాది చిట్టెమ్మ గూటి కింద మెత్తగా కుప్ప పోసింది.

"పండగపూట పొలం దున్నుతోందేమిటే!" అని కుందేళ్ళు విరగబడి నవ్వాయి.

పోలమ్మ తలెత్తలేదు. ఒక్కొక్క నవ్వుకు ఇంకొక బెత్తెడు లోతు తవ్వింది.

పండగ రోజు పొద్దు వాలింది. బుచ్చన్న చెకుముకి రాయి కొట్టి దూది అంటించాడు. ఒక్కొక్క గుల్లా వెలిగింది. తుమ్మచెట్టంతా నక్షత్రాలు దిగి వచ్చి కూర్చున్నట్టయింది. అబద్ధమెందుకు, చాలా బాగుంది. పోలమ్మ కూడా ఒక రెప్పపాటు కోపం మరిచి నోరు తెరుచుకుని చూసింది. అంత అందమైనదాన్ని కాచుకోవాలన్న బుద్ధి ఉంటే ఎంత బాగుండేది అనుకుంది. ముళ్ళు మళ్ళీ లేచాయి.

సింగారయ్యకు తన ఇల్లు దగ్గర నుంచి చూస్తే సరిపోలేదు. "రండి రండి, అవతలి గుట్ట మీది నుంచి చూద్దాం!" అని అందరినీ వెంటేసుకుని వెళ్ళిపోయాడు. దీపాల దగ్గర మిగిలింది గూట్లో చిట్టెమ్మ, కొమ్మ మీద బుచ్చన్న, కింద పోలమ్మ.

ఉత్తరపు గాలి లేచింది. దండ ఊగింది. ఒక గుల్ల ఒరిగి నూనె గూటి మీద కారింది.

"బుచ్చన్నా, ఆర్పరా!" అరిచింది పోలమ్మ.

"అమ్మో! పండగ దీపం ఆర్పడమా? వంశం చీకటైపోతుందట. ఆ పాపం నాకొద్దు అత్తా!"

"ఇల్లు కాలితే వంశానికి వెలుగురా? ఆర్పు!"

బుచ్చన్న చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఇంతలో సగం అల్లిన గూడొకటి భగ్గుమంది. పక్క గూడు అంటుకుంది. చిట్టెమ్మ కేకలు పెట్టింది. పిల్లలను ముక్కుతో ఎత్తబోయి, ఎత్తలేక, వాటి మీద రెక్కలు కప్పి కూర్చుంది.

సరిగ్గా అప్పుడు అవతలి గుట్ట మీది నుంచి చప్పట్లు, కేరింతలు వినిపించాయి. "ఆహా, ఏం వెలుగు! ఏం వెలుగు!" ఆ అరుపుల మధ్య సింగారయ్య గొంతు. "చూశారా మరి, నా ఇల్లంటే ఏమనుకున్నారు!"

ఇల్లు తగలబడుతుంటే చప్పట్లు. పోలమ్మకు కోపంతో కళ్ళు చీకట్లు కమ్మాయి. ఆమె తుమ్మ మొదలును ముళ్ళతో ధనధనా కొట్టింది.

"బుచ్చన్నా, దీపం జోలికి పోవద్దులే! గూడు తెంపు! చిట్టెమ్మ గూడు తెంపి కింద పడెయ్! ఇసుక పోసి ఉంచాను. అది పాపం కాదు, తెంపరా!"

గూడు తెంపితే పాపమని ఎవరూ చెప్పలేదు. బుచ్చన్న ఒక్క దూకు దూకి గూటి తొడిమ పుటుక్కున తెంపాడు. గూడు వచ్చి ఇసుక కుప్ప మీద మెత్తగా పడింది. అదిరిపడి బయటికి ఎగిరిన చిట్టెమ్మ వెనకనే వచ్చి వాలింది. లోపల పిల్లలు కీచుకీచుమన్నాయి. ఆ చప్పుడు విని పోలమ్మ ముళ్ళు కొంచెం దిగాయి.

పైనుంచి మండుతున్న గూళ్ళు రాలాయి. చెక్కిన నేల మీద పడగానే మంటలు మేత కోసం అటూ ఇటూ వెతుక్కున్నాయి. తినడానికి ఒక్క పోచ దొరకలేదు. పోలమ్మ తడి ఇసుక తన్ని వాటి నోళ్ళు మూసింది. బోదగడ్డి దాకా ఏదీ పాకలేదు. బొరియలో పిల్లలు నిద్ర కూడా లేవలేదు.

పొగ వాసన తగిలాక గుట్ట మీద చప్పట్లు ఆగాయి. సింగారయ్య ఎగురుకుంటూ వచ్చి పడ్డాడు. ఆఖరి గూటిని కాపాడబోయి పసుపు తలంతా కమిలిపోయింది. ఏడాది కష్టం బూడిదై రాలింది. పిల్లలను చూసి కూలబడ్డాడు. ఊపిరి తిరిగాక పోలమ్మ వైపు తిరిగాడు.

"వదినా, నువ్వు కాస్త మెల్లగా చెప్పి ఉంటే వినేవాణ్ణి కదా."

అప్పుడు చూడాలి పోలమ్మను. ఒక్క ముల్లు కూడా వంగి లేదు.

"మెల్లగా చెప్పాను. నవ్వావు. గట్టిగా చెప్పాను. నా గొంతు బాగాలేదన్నావు. ఏ గొంతుతో చెబితే వింటావో ఆ గొంతు ఇప్పుడైనా చెప్పవయ్యా, నేర్చుకుంటాను! నీ పిల్లల కోసం నేను ఇసుక పోసి ఉంచితే నువ్వు గుట్టెక్కి చప్పట్లు కొట్టించుకున్నావు. కాపలా లేని దీపం దీపమా? కొరివి!"

దుప్పి తల దించుకుంది. కుందేళ్ళు ఒకదాని వెనక ఒకటి దాక్కున్నాయి. చిట్టెమ్మే లేచి వచ్చి పోలమ్మ ముళ్ళ మధ్య చోటు చూసుకుని ఆనుకుని కూర్చుంది.

మరుసటి ఏడు పండగ ముందు అడవిలో అందరూ గడప ముందు గడ్డి చెక్కారు. ఎక్కడెంత చెక్కాలో పోలమ్మను పిలిచి అడిగారు. ఏ ఇంటికి వెళ్ళినా ఆమెకు ముందు పీట వేశారు.

సింగారయ్య దీపాన్ని వాగు మధ్య బండ మీద పెట్టాడు. ఒక్కటే దీపం. నీళ్ళలో దాని నీడ ఇంకొక దీపమైంది. చూసినవాళ్ళంతా పోయిన ఏటి దండ కంటే ఇదే బాగుందన్నారు. సింగారయ్య ఆ మాట విననట్టే గుల్ల వైపు చూస్తున్నాడు.

"వదినా, నూనె ఇంత చాలా?"

"చాలు. ఆ తోక ఇటు లాక్కో, అంటుకుంటుంది!" అని కసిరింది పోలమ్మ.

సింగారయ్య వెంటనే తోక లాక్కున్నాడు. పోలమ్మ పక్కన ఆమె పిల్లలు గట్టిపడ్డ ముళ్ళు గలగలలాడించారు. దీపం కొండెక్కేదాకా ఒక్కరూ లేవలేదు.

నీతి: దీపం వెలిగించిన చెయ్యే దానికి కాపలా కాయాలి, మన మేలు కోరి అరిచేవారి గొంతును కాదు, మాటను చూడాలి.