పసుపు నీళ్ల తీర్పు

కామందుగారి ఇంట్లో పెళ్లి కుదిరింది. గోడలకు వేయడానికి దొడ్లో తొట్టినిండా సున్నం కలిపి పెట్టి పనివాళ్లు భోజనాలకు వెళ్లారు. దొడ్లో మాత్రం పెళ్లికళ లేదు, పంచాయితీ ఉంది. చుక్కల పెట్ట నూకాలు గుడ్లు మళ్లీ పోయాయి.

నూకాలుకు అందరిమీదా అనుమానమే. పుంజు కూస్తే ఎవరికో సైగ చేస్తోందనుకునేది. గేదె పెద్దమ్మ నెమరు వేస్తుంటే నోట్లో ఏముందోనని తొంగి చూసేది. అందుకే దాని గోల ఎవరూ పట్టించుకోరు. కానీ ఈసారి గంపలో ఒక్క గుడ్డే మిగిలింది. అదీ పోతే పొదగడానికి ఏమీ ఉండదని దాని దిగులు.

పిలవని పేరంటానికి వచ్చినట్టు అడవి నుంచి నక్క దిగింది.

"దొంగ మీ మధ్యనే ఉన్నాడు. అమ్మగారు దిష్టి తీసే ఎర్రనీళ్లు చూశారుగా, వాటికెంత శక్తి! ఈ చెంబులో పసుపునీళ్లు మంత్రించి తెచ్చాను. దొంగ కాలిమీద పడితే ఎర్రబడతాయి" అంది.

ఎర్రనీళ్ల మహిమ తెలియని వాళ్లు ఆ దొడ్లో లేరు. అందరూ తలలూపారు.

గేదె కాలిమీద పోసింది. పసుపే. పుంజు కాలిమీద పోసింది. పసుపే. కాపలా కాసే తెల్లకుక్క భైరన్న వంతు వచ్చేసరికి, "భయపడకు అల్లుడూ" అంటూ కాలు చేతిలోకి తీసుకుని ఆప్యాయంగా నిమిరి, ఆపైన పోసింది.

కాలు ఎర్రగా అయిపోయింది.

"నేను తినలేదు, నా పిల్లల మీద ఒట్టు" అంది భైరన్న.

"వీణ్ణి ఇప్పుడే తరిమేయండి. ఇవాళ్టి నుంచి గంప కాపలా నేను చూసుకుంటాను" అంది నక్క.

ఎర్రబడ్డ కాలు చూసి నూకాలు కూడా భైరన్ననే అనుమానించింది. కాపలా మాట వినగానే దాని మనసు నక్క మీదికి మళ్లింది.

"మావా, పెద్దమ్మ కాలు నిమరలేదేం?"

"భయపడినవాణ్ణే కదా ఓదారుస్తాం."

"నీ అరచేతికి ఆ తెలుపేమిటి?"

"విభూతి."

"విభూతి నుదుట పెట్టుకుంటారు. అరచేతికి పూసుకోవడం నీ దగ్గరే చూస్తున్నాను. సరే, నన్ను ముట్టుకోకుండా నా కాలిమీద పొయ్యి."

పోసింది. పసుపే.

"ఇప్పుడు భైరన్నని నిమిరినట్టే నిమిరి పొయ్యి."

"ఆడవాళ్లను ముట్టుకుంటే మంత్రం చెడుతుందమ్మా" అని నక్క వెనక్కి జరిగింది.

నూకాలు ఎగిరి చెంబును ఒక్క తన్ను తన్నింది. పసుపునీళ్లు నక్క అరచేతి మీద చిందాయి. అరచెయ్యి ఎర్రబడింది. మిగిలినవి పారుతూ వెళ్లి తొట్టి పక్కన ఒలికిన సున్నాన్ని తాకితే, అక్కడ నేలా ఎర్రబడింది.

"నేల కూడా గుడ్లు తిందా?" అంది గేదె, నెమరు ఆపి.

నూకాలు నక్క ముందు నిలబడింది. "నీళ్లు నిజం చెబితే దొంగవు నువ్వే మావా. అబద్ధం చెబితే భైరన్న దొంగ కాడు. ఈ రెంటిలో నీకేది కావాలి?"

నక్క కంచె వైపు జరిగింది. జవాబు కోసం భైరన్న ఆగలేదు. కంచె దాకా తరిమి, తోక వెంట్రుకలు నోట కరుచుకుని రొప్పుతూ తిరిగొచ్చింది.

"నిన్ను కూడా అనుమానించాను భైరన్నా, తప్పయింది" అంది నూకాలు తల దించుకుని.

"నన్ను అనుమానించని రోజేది అక్కా? ఇవాళ ఆ నక్కనూ అనుమానించావు, నా పరువు దక్కింది" అంది భైరన్న.

నీతి: అందరికీ పరీక్ష పెట్టేవాడు తన చెయ్యి చాపడానికి వెనకాడితే, ముందు ఆ చెయ్యే చూడాలి.